చిన్నాన్న ఛాతీ, మామ్మ నూలుతాడు

మా మనవరాలు పొద్దున్నే నాలుగు కోడిగుడ్లు ఉడకబెట్టుకుంటుంది. తెల్లసొన తను తిని, పచ్చసొనలు నాలుగూ తీసి నా పళ్ళెంలో పెడుతుంది. కండ పెరగాలట, కొవ్వు మాత్రం పెరగకూడదట. ఆ సంగతి తను నిన్ననే కనిపెట్టినట్టు చెబుతుంది. ఈ వయసులో మామ్మకి నాలుగు పచ్చసొనలేమిటని కోడలు దాన్ని కోప్పడుతుంది. నేను మాత్రం మారు మాట్లాడకుండా తినేస్తాను. ఒకరు తినకూడదని పక్కన పెట్టింది నేను తినడం చిన్నప్పటి నుంచీ అలవాటే.

కండా కొవ్వూ అనే మాటలు నేను మొదట విన్నది ఎనిమిదేళ్ళ వయసులో. అప్పట్లో మా ఇంట్లో అది అందం గురించిన మాట కాదు. ఆ మాట మీద మా ఇల్లు ఆధారపడి ఉండేది.

తెల్లదొరలు వెళ్ళిపోయిన కొత్త రోజులవి. రాయపూర్ స్టేషన్ అవతల, లోకో షెడ్డు పొగ తగిలేంత దూరంలో మా రైల్వే క్వార్టర్ల వరసలు ఉండేవి. అందరూ ఇంచుమించు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఉతికిన బట్ట తీగ మీద ఆరేస్తే ఆరేలోపు నల్ల చుక్కలు పడేవి. మధ్యాహ్నం వేళ ఒక ఇంట్లో ఎండుచేపలు వేయిస్తే వరసంతటికీ ఆకలేసేది. కంచె దాటితే వేరే లోకం. మన చద్దన్నాన్ని అక్కడివాళ్ళు బాసీ అనేవారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంచుకుని అచ్చం మనలాగే తినేవారు. అది చూసి మా మామ్మ, వీళ్ళు కూడా ఎప్పుడో మన వైపు నుంచి వచ్చినవాళ్ళే అయి ఉంటారని తేల్చేసింది.

మా తాత గూడ్సు బండి డ్రైవరు. నాన్న నేను పాకే వయసులోనే పోయాడు. ఆ క్వార్టరులో తాత, మామ్మ, చిన్నాన్న, అమ్మ, నేను ఉండేవాళ్ళం. ఆ ఏడు కార్తీకంతో తాత ఉద్యోగం అయిపోతుంది. అప్పటికి చిన్నాన్న షెడ్డులో ఎవరైనా రాని రోజున వాళ్ళ బదులు ఇంజన్లు తుడిచే బదిలీ పని చేసేవాడు. అది ఉన్నట్టు కాదు, లేనట్టు కాదు. ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా ఖాయమైతే క్వార్టరు మాకు ఉంటుంది. అవ్వకపోతే ఖాళీ చెయ్యాలి. ఊళ్ళో మాకు మిగిలింది ఒక గోడ. అమ్మ ఎవరింట్లోనో వంటకి కుదురుకోవాలని, నన్ను మేనమామ ఇంటికి పంపాలని మామ్మా అమ్మా గుసగుసగా అనుకోవడం నేను విన్నాను. మేనమామ ఇంట్లో అప్పటికే తొమ్మిదిమంది. నేను అక్కడికి వెళ్ళడానికి భయపడలేదు. అమ్మ లేకుండా వెళ్ళడానికి భయపడ్డాను.

ఫైర్‌మన్ కావాలంటే రైల్వే డాక్టరు ముందు నిలబడాలి. మూడు అవకాశాలు ఇచ్చేవారు. మొదటిసారి చిన్నాన్న చొక్కా విప్పగానే డాక్టరు టేపు కూడా తియ్యలేదట. ఇంజన్ ఊగితే ఈ మనిషి బొగ్గుతో పాటు పొయ్యిలో పడతాడు అన్నాడట. అంత సన్నం.

దాంతో మామ్మ నడుం బిగించింది. ఆరు నెలలు చిన్నాన్నని మేపింది. ఆ మాటే సరైనది. పొద్దున్న చద్దన్నంలో పేరిన నెయ్యి ముద్ద, పదింటికి మినపసున్ని, మధ్యాహ్నం గరిటెడు నెయ్యితో కందిపప్పన్నం, మీగడ తియ్యని గేదెపాలు. తిన్న వెంటనే పడుకోవాలి. చక్కెరకి రేషనున్న రోజుల్లో మా వాటా అంతా చిన్నాన్న పాలల్లోకే వెళ్ళేది. లేచి నాలుగడుగులు వేస్తే తిన్నది అరిగిపోతుందని మామ్మ భయం. నీళ్ళు మొయ్యడం కూడా అమ్మ పనే అయింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఛాతీ సరిపోయింది. కానీ పొట్ట కూడా ఛాతీ అంత అయింది. డాక్టరు పుచ్చకాయ తట్టినట్టు పొట్ట తట్టి చూశాడని కాంపౌండరు చెప్పాడు. ఆయన మా వరసలోనే ఉండేవాడు, కాబట్టి ఆ సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. బొగ్గు వెయ్యాల్సింది ఇంజన్‌లోకి గానీ నీ కడుపులోకి కాదు అన్నాడట. మామ్మ మూడు రోజులు కుళాయి దగ్గరికి వెళ్ళలేదు.

దసరా వెళ్ళాక ఆఖరుసారి. ఛాతీ తగ్గకూడదు, పొట్ట నాలుగు వేళ్ళు తగ్గాలి అని కాంపౌండరు చేతి వేళ్ళు చూపించి చెప్పాడు. అది ఎలాగో మాత్రం ఆయనకీ తెలీదు. "తిండి మానేస్తే రెండూ తగ్గుతాయి, తింటే రెండూ పెరుగుతాయి. ఒకటుంచి ఒకటి తియ్యడానికి ఇదేటి, కూరలో కరివేపాకా?" అంది మామ్మ.

బియ్యం మిల్లు వెనక కుస్తీలు నేర్పే అఖాడా ఒకటి ఉండేది. రేకుల కప్పు కింద తవ్విన మట్టి గుంట, గోడలో హనుమంతుడి బొమ్మ. ఆ మట్టిలో ఆవనూనె, పసుపు, మజ్జిగ కలిపేవారు. వాన పడితే ఆ వాసన లైను దాటి వచ్చేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఆవనూనె కాగితే నాకు ముందు తడిమట్టి గుర్తొస్తుంది. అక్కడి ఉస్తాద్ ముసలివాడు. రెండు చెవులూ నలిగి ముద్దలైపోయి ఉండేవి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. చిన్నాన్న వెళ్ళి విషయం చెబితే నవ్వలేదు. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగి, "యే కిరాయేదార్ హై" అన్నాడు. తరవాత దండచెయ్యి నొక్కి, "యే ఘర్ కా మాలిక్" అన్నాడు. అద్దెకున్నవాణ్ణి మెల్లగా పంపెయ్యాలి, ఆ తొందరలో ఇంటాయన్ని ఆకలితో చంపకూడదు అని దాని అర్థం. ఆడపిల్లలు అఖాడాలో అడుగుపెట్టకూడదు కాబట్టి నేను గుమ్మం బయట నిలబడి ఇదంతా విన్నాను.

ఆ రోజు నుంచి మా ఇంటి పద్ధతి మారిపోయింది. చిన్నాన్న చీకటితో లేచి కంకర కట్ట వెంబడి సిగ్నల్ దాకా పరిగెత్తి వచ్చేవాడు. అఖాడాలో పారతో మట్టి తిరగతవ్వడమే మొదటి పాఠం. ఆ తరవాత దండీలు, బస్కీలు. తిండికి నానబెట్టిన శనగలు, పొట్టు పెసలు, మీగడ తీసిన పాలు, రెండు పూటలా రొట్టె. అన్నం ఒక్క గుప్పెడు, అదీ మధ్యాహ్నం. ఊరి నుంచి తెచ్చిన ఉలవలు చూపిస్తే ఉస్తాద్ సంతోషించాడు. నెయ్యి రోజుకి ఒక్క చెంచా. నెయ్యి దగ్గరే మామ్మకీ ఉస్తాద్‌కీ పడలేదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు కూడా. ఆయన అక్కణ్ణించి వద్దనేవాడు, ఈవిడ ఇక్కణ్ణించి తిట్టేది. ఆ మాటలూ, చిన్నాన్న శనగల గిన్నే మోసేది నేను. ఏ తిట్టూ అక్కడ చెప్పలేదు.

కొలతకి మా దగ్గర టేపు లేదు. మామ్మ మొలతాడుకని తెచ్చిన కొత్త నూలుతాడు తీసింది. ఒక చివర పెద్ద ముడి. అది చిన్నాన్న వీపు మీద పెట్టి ఛాతీ చుట్టూ తిప్పి, తాడు కలిసినచోట ఎర్రదారం కట్టింది. అలాగే పొట్ట చుట్టూ తిప్పి నల్లదారం కట్టింది. రెండు దారాలూ పక్కపక్కనే పడ్డాయి. ఎర్రదారం ఉన్నచోటే ఉండాలి. నల్లదారం ముడి దాటి నాలుగు వేళ్ళు లోపలికి రావాలి. మా ఆడవాళ్ళెవరికీ అక్షరం రాదు, అంకె రాదు. కానీ ఆ తాడు మా అందరికీ చదవడం వచ్చు. ప్రతి మంగళవారం కొలత. తాడు దాచే పని నాది. నన్నెవరూ ఏ పనికీ నమ్మని వయసులో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

రెండు నెలల్లో నల్లదారం రెండు వేళ్ళు లోపలికి వచ్చింది. ఎర్రదారం కదల్లేదు. అందరం సంతోషించాం, మామ్మ తప్ప. పిల్లాడి బుగ్గలు పీక్కుపోతున్నాయని ఆమె కళ్ళు తుడుచుకునేది. ఒకరోజు నా చేతికి శనగల గిన్నెతో పాటు ఆకులో చుట్టిన పొట్లం ఇచ్చింది. "ఒలే గుంటా, చిన్నాన్నకి ఇయ్యి. ఆ చెవుల్లేనోడు చూడకుండా ఇయ్యి" అంది. నెయ్యి కారుతున్న రెండు నువ్వుల చిమ్మిలి ఉండలు. నేను మామ్మ చెప్పినట్టే తీసుకెళ్ళాను. చిన్నాన్న వాసన చూసి, కళ్ళు మూసుకుని, నువ్వే తినెయ్యవే అన్నాడు. మర్నాడూ పొట్లం వచ్చింది, ఆ తరవాత రోజూ వచ్చింది. ఆయన్ని అడగడం కూడా అనవసరం అనిపించింది. పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగలు పేర్చినచోట కూర్చుని తినేసేదాన్ని. మూతి తుడుచుకుని వచ్చి, తిన్నాడే మామ్మా అనేదాన్ని. మామ్మ మొహం వెలిగిపోయేది. నెల తిరిగేసరికి నా గౌను చంకల దగ్గర పిగిలింది. ఎదుగుతోంది అంది అమ్మ.

భాద్రపదంలో ఒకరోజు ఉస్తాద్ తాడు చూస్తానంటే తీసుకెళ్ళాను. తిరిగి వస్తూ అఖాడా గుమ్మం దగ్గర కాలు జారింది. తాడు మట్టిలో పడింది. నూనె, పసుపు, బురద పట్టి ఎర్రదారం ఏదో నల్లదారం ఏదో తెలియలేదు. మామ్మ చూస్తే నా ఉద్యోగం పోతుంది. ఆ రోజు పెరట్లో అమ్మ షెడ్డు బట్టలకి సోడా వేసి కాగులో ఉడకబెడుతోంది. అమ్మ లోపలికి వెళ్ళినప్పుడు తాడు అందులో పడేశాను. ఉడికాక కర్రతో తీసి, ఎండలో ఆరేసి, దులిపి మేకుకి తగిలించాను. తాడు మల్లెపువ్వులా వచ్చింది. నాలో నేనే మెచ్చుకున్నాను.

మంగళవారం మామ్మ కొలిచింది. పొట్ట మళ్ళీ నల్లదారం దాకా వచ్చేసింది. ఇన్ని నెలల కష్టం ఒక్క వారంలో పోయింది. ఛాతీ కూడా ఎర్రదారం దాటింది. ఛాతీ పెరిగిందిగా అని అమ్మ అనబోతే, అదీ కొవ్వే అన్నాడు చిన్నాన్న. ఆయన చెవుల్లో ఇంకా ఆ పుచ్చకాయ చప్పుడు ఉంది. మనిషి చూస్తే పలచగానే ఉన్నాడు. కానీ మాలో ఎవరూ కళ్ళని నమ్మలేదు. కళ్ళకి ప్రేమ ఉంటుంది, తాడుకి ఏముంటుంది అంది మామ్మ.

మామ్మ ఆ రాత్రి భోంచెయ్యలేదు. తన చిమ్మిలే కొడుకు కొంప ముంచిందని ఆమె నమ్మకం. చెప్పుకోలేదు. అవి తిన్నది నేనని నాకు తెలుసు. చెప్పలేదు. మర్నాటి నుంచి పొట్లం ఆగిపోయింది. నాకు అది కూడా దిగులే.

చిన్నాన్న రాత్రి రొట్టె మానేశాడు. తరవాత పాలు మానేశాడు. ఇంట్లో తినొచ్చానని ఉస్తాద్‌కి, అఖాడాలో తిన్నానని అమ్మకి చెప్పేవాడు. పల్చటి మజ్జిగతో పగలంతా గడిపి, దండీలు మాత్రం రెట్టింపు తీసేవాడు. తరవాతి మంగళవారం నల్లదారం కొంచెం లోపలికి వచ్చింది. ఎర్రదారం కూడా వచ్చింది. ఇంకా మానెయ్యాలన్నాడు. అప్పటికి మూడు వారాలే ఉంది.

ఆ గురువారం పొద్దున ఉస్తాద్ చిన్నాన్నని భుజాన వేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మట్టి తవ్వుతూ తవ్వుతూ పార మీదే ఒరిగిపోయాడట. మామ్మ అరిచిన అరుపుకి వరసంతా బయటికి వచ్చింది. బెల్లం నీళ్ళు పట్టాక చిన్నాన్న కళ్ళు తెరిచాడు. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని, ఏం తింటున్నాడో చెప్పమన్నాడు. ఇంట్లో మజ్జిగే తాగుతున్నాడని తలుపు చాటు నుంచి అమ్మ చెప్పింది. అఖాడాలో ఏం తింటున్నాడని అమ్మ అడిగింది. ఇంట్లో తినొస్తున్నానని నాతో అన్నాడే అన్నాడు ఉస్తాద్. ఎక్కడా ఏమీ తినడం లేదని అప్పుడు అందరికీ తెలిసింది.

ఎందుకిలా చేశావని అడిగితే చిన్నాన్న గోడ వైపు తిరిగి, తాడు చూడండి అన్నాడు. మామ్మ తెచ్చి ఇచ్చింది. ఉస్తాద్ దాన్ని చదవలేదు. వేళ్ళ మధ్య నలిపాడు. లాగి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇస్‌కో ధోయా కిస్‌నే?" అన్నాడు. ఉతికింది ఎవరు?

పారిపోవాలనిపించింది. కానీ చిన్నాన్న వీపు కనిపిస్తోంది. ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. ఆయన ఓడిపోతే అమ్మ ఒకచోట, నేను ఒకచోట. "నేనే. మట్టిలో పడిపోతే సోడాలో ఉడకబెట్టినాను" అన్నాను. ఒకటి ఒప్పుకున్నాక రెండోది ఆగలేదు. "చిమ్మిలి కూడా నేనే తినీసినాను. చిన్నాన్న ఒక్కటి కూడా తిన్లేదు."

 ముందు మామ్మ కూలబడి ఏడ్చింది. అది దుఃఖం కాదని నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది. ఉస్తాద్ తన భుజం మీది లంగోటా తీసి చూపించాడు. కొత్త నూలు మొదటిసారి ఉడికితే రెండు మూడు వేళ్ళు దగ్గరకొస్తుంది. అందుకే మా లంగోటాలు ఎప్పుడూ పొడుగ్గా కత్తిరిస్తాం అన్నాడు. లావైంది కుర్రాడు కాదు, పొట్టిదైంది తాడు. ఆ మాట ఆయన హిందీలో చెబితే అరుగు కింద నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరికొకరు తెలుగులో చెప్పుకున్నారు.

నన్ను ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది. చిన్నాన్న ఇటు తిరిగి నన్ను పిలిచి, చిమ్మిలి ఎలగుందే అని అడిగాడు. బాగుందన్నాను. "బాగుండకేటి, నా కండ అది" అన్నాడు.

ఇక తాడు లేదు. ఉస్తాద్ తన చేతి పంజా చాపి కొలిచేవాడు. దండీలు సగానికి తగ్గించాడు. మధ్యాహ్నం ఒక గంట పడుకోమన్నాడు. శనగలు, పెసలు, పాలు, రెండు పూటలా కడుపునిండా రొట్టె. ఇంటాయన అలిగాడు, బతిమాలి పిలవాలి అన్నాడు మామ్మతో. మామ్మ తలుపు బయటికి వచ్చి మరి నెయ్యో అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, రెండు చెంచాలు అన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా అదే సంధి. ఆ మూడు వారాలూ గిన్నె మోసేటప్పుడు నేను దాని వాసన కూడా చూడలేదు.

దసరా వెళ్ళిన నాలుగోరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మామ్మా నేనూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. లోపల్నుంచి ఫినాయిలు వాసన, గాలి పీల్చు, వదులు అనే మాటలు వస్తున్నాయి. మామ్మ కూడా వాటితో పాటు గాలి పీలుస్తోంది, వదులుతోంది. కాంపౌండరు ముందు బయటికి వచ్చాడు. ఛాతీ సరిగ్గా గీత మీద ఉందన్నాడు. వెంట్రుక తగ్గినా పోయేదట. పొట్ట నాలుగు వేళ్ళు కాదు, అయిదు తగ్గిందట. డాక్టరు మళ్ళీ తట్టి చూశాడట, ఈసారి చప్పుడు రాలేదట. చిన్నాన్న చొక్కా చేత్తో పట్టుకుని వచ్చి, వేసుకోవడం మర్చిపోయి, అలాగే మాతో లైను దాటి ఇంటికి నడిచాడు. మామ్మ దారి పొడుగునా ఆ వీపు కొంగుతో కప్పుతూనే ఉంది, దిష్టి తగలకుండా.

ఇన్ని నెలల్లో తాత ఒక్క మాట అనలేదు. కొడుకు సన్నబడ్డా అనలేదు, లావెక్కినా అనలేదు. బండి మీద వెళ్ళేవాడు, వచ్చేవాడు, చుట్ట కాల్చుకునేవాడు. ఆయనకి పట్టదని నేను అనుకునేదాన్ని. ఆ సాయంత్రం పొద్దు వాలకముందే డ్యూటీ నుంచి వచ్చి, సంగతి విని, పెరట్లో బొగ్గు కుప్ప మీది పార తీశాడు. చిన్నాన్నని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

"కాళ్ళు ఎడంగా ఎట్టు. ఇంజన్ ఊగుతుంటాది, నువ్వూ దాంతో ఊగాల. బలం భుజంలోంచి తియ్యకు, నడుంలోంచి తియ్యి" అన్నాడు.

బొగ్గు పాడవకుండా ఖాళీ పారతోనే నేర్పాడు. వంగడం, తిరగడం, విసరడం. పొయ్యి తలుపు కావాలి. తాత నా వైపు చూసి, నువ్వే తలుపువి అన్నాడు. పార రాగానే తెరవాలి, బొగ్గు పడగానే ముయ్యాలి. తలుపు ఊరికే తెరిచి ఉంటే ఇంజన్ చల్లారిపోతుంది. నేను రెండు చేతులూ మొహం ముందు కలిపి నిలబడ్డాను. ఖాళీ పార నా గుండె దాకా వచ్చి ఆగేది. తెరిచేదాన్ని, మూసేదాన్ని. ఒకరి పని చూస్తూ ఒకరు, ఆ తండ్రీకొడుకులు లేని బొగ్గుని లేని మంటలోకి వేస్తూనే ఉన్నారు.

ఆ ఆవిరి ఇంజన్లు లేవు ఇప్పుడు. అఖాడా ఉన్నచోట ఏముందో చూడ్డానికి నేను వెళ్ళలేదు. చిన్నాన్న ఆ ఒంటితో ఇరవయ్యేళ్ళ పైన బొగ్గు వేశాడు, తరవాత డ్రైవరయ్యాడు. పెళ్ళయి వెళ్ళేదాకా నేను ఆ క్వార్టరులోనే పెరిగాను. కానీ మేం అక్కడ ఉండిపోతున్నామని నాకు తెలిసింది డాక్టరు మాట వల్ల కాదు, కాగితం వల్ల కాదు. చేతులు పీకేస్తుంటే, తలుపు తెరిచి మూసే సందులో నేను ఇంట్లోకి చూశాను. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎప్పుడు కట్టిందో, మంచం కింద ఎక్కడ దాచిందో, నేను ఎన్నడూ చూడని మూట ఒకటి విప్పి, అందులోంచి నా గౌన్లు ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దుతోంది.